రచ్చకో బండ

మా వీధి మలుపులో వేపచెట్టు కింద పొద్దున్నే ఇద్దరు పెద్దమనుషులు నిలబడి పొంగుతున్న మురుగుకాల్వ గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. దారినపోయే కుర్రాడొకడు పక్కవాడితో, "ఏందిరా, పొద్దుగాల్నే ఈ రచ్చ?" అన్నాడు. ఆ మాట దగ్గర నా అడుగు ఆగింది. కుర్రాడు గొడవ అనే అర్థంలో అన్నాడు. కానీ నలుగురూ నడిచే చోట, చెట్టు నీడన, నలుగురికీ సంబంధించిన సంగతి మాట్లాడుకోవడాన్ని మన పూర్వులు కూడా రచ్చ అనే అనేవారు. ఒకే మాట రెండు విధాలా సరిపోయింది. ఆ రెండు అర్థాల మధ్య ఏం జరిగిందో ఆలోచిస్తూ ఇంటికి వచ్చాను.

రచ్చ తద్భవం. సంస్కృతంలో రథానికి సంబంధించిన దారి 'రథ్య'. అది పాలీలోనూ ప్రాకృతంలోనూ 'రచ్ఛా' అయింది, తెలుగులో ఒత్తు తేలికపడి రచ్చగా నిలిచింది. యకారంతో కలిసిన హల్లు ఇలా చకారజకారాల వైపు జరగడం మనకు కొత్త కాదు. సంధ్య సంజ అయింది, వైద్యుడు వెజ్జు అయ్యాడు, ఉపాధ్యాయుడు నలిగి నలిగి ఒజ్జ అయ్యాడు. వాటి వరసలోదే రచ్చ. పుట్టుకతో అది దారి. అదీ రథాలు తిరిగేటంత వెడల్పయిన దారి.

దారి సభాస్థలి ఎలా అయిందో ఊహించడం కష్టం కాదు. వెడల్పయిన దారిలో ఎక్కడో ఒకచోట రావిచెట్టో వేపచెట్టో ఉంటుంది. ఎండకు జనం అక్కడ ఆగుతారు. ఆగినవాళ్లు మాట్లాడుకుంటారు. మాట సాగాలంటే కూర్చోవాలి, కూర్చోవడానికి ఎవరో ఒక బండరాయి దొర్లించుకొచ్చి వేస్తారు. రచ్చ రచ్చబండ అవుతుంది. తర్వాత చుట్టూ అరుగు కడితే రచ్చకట్ట, పైన కప్పు వేస్తే రచ్చచావడి. పక్కనున్న కన్నడిగుల దగ్గరా ఇదే మాట 'రచ్చె'గా, నలుగురూ కూడే చోటనే అర్థంలో ఉంది. నడిచే చోటు నిలిచే చోటయింది, నిలిచే చోటు కూర్చునే చోటయింది. ఆ మాట ప్రయాణమంతా ఈ మూడు మెట్లలో ఉంది.

ఇంట గెలిచి రచ్చ గెలువు అన్న సామెత తెలియని తెలుగువాడు ఉండడు. అందులో రచ్చ ఇంటికి ఎదురుమాట. గడప దాటితే ఉన్నదంతా రచ్చే. అక్కడ గెలవడమంటే కొట్టి గెలవడం అనుకోను. నలుగురి ముందు మన మాట నిలబెట్టుకోవడం, నలుగురిచేత ఔననిపించుకోవడం. ఇంట్లోవాళ్లు మనం ఏమన్నా ప్రేమకొద్దీ ఒప్పుకుంటారు. రచ్చలో పరాయివాణ్ణి ఒప్పించాలి. పౌరుడికి ఇంతకంటే చిన్న, ఇంతకంటే నిండైన పాఠం నాకు కనిపించలేదు.

అయితే అదే భాషలో ఇంకో వరస కూడా ఉంది. పరువు బజారున పడటం, సంసారం వీధిన పడటం, తగాదా రచ్చకెక్కడం, మనిషిని రచ్చకీడ్చడం. ఇంటి బయట ఉన్న ప్రతి చోటుకూ మనం ఏదో ఒక అవమానాన్ని తగిలించాం. గడప లోపల ఉన్నంతసేపే మర్యాద అన్న భయం ఈ జాతీయాల్లో ఉంది. కానీ వీటి తర్వాత వచ్చిన ఒక ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. 'రోడ్డున పడ్డారు' అంటే దిక్కులేనివాళ్లయ్యారని. 'రోడ్డెక్కారు' అంటే అడగడానికి బయలుదేరారని. రోడ్డు అదే, మనుషులూ తరచు వాళ్లే. ఫ్యాక్టరీ మూతపడితే రోడ్డున పడ్డవాళ్లు మర్నాడు రోడ్డెక్కుతారు. రచ్చకీడ్చినప్పుడు మనిషిని వేరొకరు లాక్కొస్తారు. రోడ్డెక్కినప్పుడు తన కాళ్ల మీద తానే వస్తాడు. బహిరంగ స్థలానికి పట్టిన అవమానాన్ని కడిగిన మాట ఇది. పత్రికల భాషలో రోజూ కనిపించి అరిగిపోయింది గానీ, దాని విలువ తక్కువది కాదు.

రచ్చకు మాత్రం ఈ కాలంలో గొడవే ప్రధానార్థమైపోయింది. 2012లో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. కుర్రకారు 'రచ్చ రచ్చ' అంటే హంగామా అని. అయితే ప్రభుత్వాలు ఈ మాటకున్న పాత గౌరవాన్నే వాడుకున్నాయి. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించింది చిత్తూరు జిల్లాలో జరగాల్సిన రచ్చబండ కార్యక్రమానికి వెళ్తూనే. తర్వాత 2011లో అదే పేరుతో కార్యక్రమం ఊళ్లకు వెళ్లింది. గమనిస్తే, బండ ఉన్నప్పుడు రచ్చ గౌరవంగానే ఉంది. బండ ఊడిపోయిన రచ్చే గొడవగా మిగిలింది. నాకు ఇది మాటల చరిత్ర మాత్రమే అనిపించదు. కూర్చునే చోటు లేకపోతే మాట అరుపవుతుంది. నిలబడి, ట్రాఫిక్ హోరుకు పైన వినిపించాలంటే ఎవరైనా అరవాల్సిందే.

మన నగరాల్లో కూర్చునే చోటు ఎంతుంది? నాలుగు దారులు కలిసే చోటుకు తెలుగులో చదుకము అనే మంచి మాట ఉండేది, సంస్కృత చతుష్కం నుంచి వచ్చింది. దాన్ని మరిచిపోయి హైదరాబాద్‌లో చౌరస్తా అంటున్నాం, విజయవాడలో సెంటర్ అంటున్నాం, విశాఖలో జంక్షన్, రాయలసీమ పట్టణాల్లో సర్కిల్. పేర్లకు కొదవ లేదు, బల్లలకే కొదవ. హైదరాబాద్ చౌరస్తాల్లో తెల్లవారుజామునే అడ్డా కూలీలు పార, తాపీ, రంగు డబ్బాలతో పని కోసం చూస్తుంటారు. రెండు మూడు గంటలు నిలబడే ఉంటారు. మా బస్టాపులో కూర్చోవడానికి రెండు ఇనుప గొట్టాలున్నాయి. ముసలివాళ్లు వాటికి ఆనుకోగలరు గానీ కూర్చోలేరు.

చట్టంలో మాత్రం బండ ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు లేదా అంతకు మించి జనాభా ఉన్న పురపాలక ప్రాంతాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 243-ఎస్ అధికరణం అదే. మురుగుకాల్వ గురించి నలుగురూ కూర్చుని మాట్లాడవలసిన చోటు అది. మా వేపచెట్టు కింద ఆ ఇద్దరు పెద్దమనుషుల్ని అడిగాను. తమ వార్డుకు అలాంటి కమిటీ ఒకటి ఉండాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పాత రచ్చబండను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకోవడానికి మనసొప్పదు. ఆ బండ మీద అందరూ కూర్చోలేదు. ఎంతోమంది దళితులు దూరంగా నిలబడే తీర్పు విన్నారు. ఆడవాళ్లు అటు వెళ్లాల్సి వస్తే తల దించుకుని దాటిపోయారు. నలుగురూ అన్న మాటలో ఆ నలుగురు ఎవరన్నది ఊరికి ముందే తెలుసు. రథాల దారి మీద రథాలున్నవాళ్లే పెద్దలయ్యారు.

అందుకే నాకు హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నాచౌక్ అంత ముఖ్యమైన చోటు. ధర్నా అన్న మాటకూ కూర్చోవడమే ప్రాణం. బాకీ తీర్చనివాడి గుమ్మం ముందు అప్పిచ్చినవాడు కదలకుండా కూర్చోవడం పాత ధర్నా. 1860 నాటి భారత శిక్షాస్మృతి 508వ సెక్షన్, ఎదుటివాడికి దైవాగ్రహం తగులుతుందని నమ్మించేలా అలా గుమ్మంలో కూర్చోవడాన్ని నేరానికి ఉదాహరణగా చూపింది. ఆ ధర్నా ఇంటి గుమ్మం నుంచి చౌక్‌కు వచ్చింది, బాకీ ప్రభుత్వానిదయింది. 2017లో ధర్నాలు ఇక్కడ వద్దు, శివార్లకు వెళ్లండని ప్రభుత్వం అంటే, ఆ మే 15న ధర్నాచౌక్ కోసమే ధర్నా జరిగింది. 2018 నవంబరులో హైకోర్టు అక్కడ ధర్నాలకు అనుమతించమంది. 2021 నవంబరు 18న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కూడా కేంద్రం వరి కొనాలంటూ ఆ చౌక్‌లోనే కూర్చున్నారు. అధికారంలో ఉన్నా లేకపోయినా, అడగవలసిన రోజు వస్తే ప్రతివాడికీ ఒక రచ్చ కావాలి. ఊరవతలి మైదానంలో అడిగితే వినేవాడుండడు. నలుగురూ నడిచే దారిలో ఉంటేనే అది రచ్చ. మాట పుట్టుకలోనే ఆ షరతుంది.

ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్లాను. షామియానా కింద, రోడ్డు మీద పరిచిన పట్టాల మీద అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు కూర్చున్నారు. టిఫిన్ డబ్బాలు విప్పి పచ్చడి పంచుకుంటున్నారు. మైకులో ఒకామె జీతం లెక్క చెబుతోంది. అరవడం లేదు, అంకెలు ఒక్కొక్కటే నింపాదిగా చెబుతోంది. వాళ్లలో ఎందరి అమ్మమ్మలు తమ ఊరి రచ్చబండ పక్కనుంచి తల వంచుకుని నడిచి ఉంటారో. షామియానా అంచున ఎండలో నిలబడ్డ నన్ను ఒక పెద్దావిడ చూసింది. పక్కనున్న అమ్మాయి మోచేయి తట్టి, "జర జరుగు బిడ్డా, అన్న కూసుంటడు" అంది. ఆ అమ్మాయి డబ్బా పక్కకు తీసి జరిగింది.

రథాల దారి మీద ఆ జానెడు జాగాలో కూర్చున్నాను.