భారత శాంతి పరిరక్షక దళం (శ్రీలంక, 1987–1990)

భారత శాంతి పరిరక్షక దళం (ఐపీకేఎఫ్) అనేది భారత–శ్రీలంక ఒప్పందం అమలు కోసం శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాలకు వెళ్ళిన భారత సైన్యం. తమిళ మిలిటెంట్ల చేత ఆయుధాలు వదిలించడం దాని పని. చివరికి ఆ సైన్యమే తమిళ మిలిటెంట్ సంస్థ ఎల్టీటీఈతో రెండేళ్ళకు పైగా పోరాడింది. సుమారు 1,200 మంది భారత సైనికులు చనిపోయారు. దీన్ని యుద్ధమని ప్రభుత్వం ఎన్నడూ ప్రకటించలేదు.

నేపథ్యం

1983 జులైలో తమిళులపై జరిగిన దాడుల తరువాత తమిళ మిలిటెంట్ సంస్థలకు భారత గూఢచారి సంస్థ ‘రా’ రహస్యంగా శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది. 1987 జులై 29న కొలంబోలో భారత ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందంపై సంతకాలు చేశారు. తమిళ ప్రాంతాలకు స్వపరిపాలన, మిలిటెంట్ల ఆయుధ విసర్జన అందులోని ముఖ్యాంశాలు. ఆ మర్నాడే సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్ జాఫ్నాలో దిగడం మొదలైంది. తొలి రోజుల్లో జాఫ్నా తమిళులు జవాన్లకు పూలదండలతో స్వాగతం పలికారు.

పోరు

ఎల్టీటీఈ నామమాత్రంగా కొన్ని ఆయుధాలు అప్పగించి ఊరుకుంది. దాంతో జాఫ్నాను దాని చేతిలో నుంచి తీసుకునేందుకు భారత సైన్యం అక్టోబరులో ‘ఆపరేషన్ పవన్’ మొదలుపెట్టింది. 11వ తేదీ రాత్రి ఎల్టీటీఈ అధినేత ప్రభాకరన్‌ను పట్టుకునేందుకు జాఫ్నా విశ్వవిద్యాలయ మైదానంలో హెలికాప్టర్ల నుంచి పారా కమాండోలను, సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన 30 మందిని దింపారు. వైర్‌లెస్ సంభాషణలు ముందే విన్న ఎల్టీటీఈ అక్కడ మాటు వేసి ఉంది. తూటాలు అయిపోయాక మిగిలిన ముగ్గురు సిక్కు జవాన్లు బయొనెట్లతో ముందుకు దూకారు. ఆ 30 మందిలో ఒక్కరే ప్రాణాలతో పట్టుబడ్డారు. అక్టోబరు చివరికి జాఫ్నా పట్టణం సైన్యం చేతికి చిక్కినా, పోరు అడవులకు మారింది. సైన్యం నాలుగు డివిజన్లకు పెరిగింది.

మూల్యం

1987 నవంబరు 25న చనిపోయిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర దక్కింది. ప్రజలూ నలిగిపోయారు. అక్టోబరు 21న, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలోకి ప్రవేశించిన భారత సైనికుల కాల్పుల్లో వైద్యులు, నర్సులు, రోగులు చనిపోయారు. పూలదండలు వేసిన ఊళ్ళే సైన్యాన్ని ద్వేషించాయి.

ఉపసంహరణ

1989లో శ్రీలంక అధ్యక్షుడైన ప్రేమదాస భారత సైన్యం వెళ్ళిపోవాలని పట్టుబట్టడమే కాక, దానితో పోరాడుతున్న ఎల్టీటీఈకే ఆయుధాలు అందించారు. వి.పి. సింగ్ ప్రభుత్వ కాలంలో, 1990 మార్చి 24న, చివరి దళం ట్రింకోమలీ నుంచి బయలుదేరింది. మద్రాసులో స్వాగత కార్యక్రమానికి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి హాజరు కాలేదు. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరుంబుదూరులో ఎల్టీటీఈ ఆత్మాహుతి దాడిలో రాజీవ్ గాంధీ హతులయ్యారు.

ఫలితం

భారత సైన్యం తిరిగొచ్చిన కొద్ది నెలలకే ఎల్టీటీఈకి, శ్రీలంక సైన్యానికి మధ్య యుద్ధం మళ్ళీ మొదలై 2009 మే వరకు సాగింది. ఎల్టీటీఈని భారత సైన్యం నిరాయుధం చేయలేకపోయింది, తమిళులకు రక్షణా కల్పించలేకపోయింది. ఒప్పందం వల్ల వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ ప్రావిన్షియల్ కౌన్సిళ్ళను ఏర్పరచింది కానీ, వాటికి దక్కాల్సిన భూమి, పోలీసు అధికారాలు నేటికీ పూర్తిగా అందలేదు.