ఎర్ర వైనా, తెల్ల వైనా? ఒక నమ్మకం కథ

ఇటీవల రామకృష్ణా బీచిలో ఉదయపు నడకకు వెళ్లినప్పుడు, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేసిన మిత్రులొకరు ఇలా అడిగారు: "డాక్టరుగారూ, ఉగాదికి అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు. ఈ వసంతానికి తక్కువ ధరలో ఎర్ర వైను మేలా, తెల్ల వైను మేలా? ఎర్రది గుండెకు మంచిదట కదా!" ఆ 'అట' అన్న మాట వెనుక కొంత చరిత్ర ఉన్నది.

నల్ల ద్రాక్షను తొక్కలతో సహా పులియబెడితే ఎర్ర వైను తయారవుతుంది. తొక్కలు వేరుచేసి రసాన్ని మాత్రమే పులియబెడితే తెల్ల వైను వస్తుంది. తొక్కలలోని పాలీఫినాళ్లు ఎర్రదానిలో ఎక్కువ. వెన్న, జున్ను ధారాళంగా తినే ఫ్రెంచివారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా ఉండటానికి వైను కారణం కావచ్చునని శాస్త్రవేత్త సెర్జ్ రెనో 1991లో అమెరికా టెలివిజన్‌లోను, 1992లో లాన్సెట్ పత్రికలోను ప్రతిపాదించారు. అమెరికాలో ఎర్ర వైను అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ మాట క్రమంగా మన ఊళ్లకూ చేరింది.

సరిగ్గా ఆ రోజులలోనే మన రాష్ట్రంలో మద్యం గురించి మరొక పాఠం నడుస్తున్నది. నెల్లూరు జిల్లా అక్షరదీపం తరగతులలో 'సీతమ్మ కథ' చదువుకున్న స్త్రీలు దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమ్రోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. ఆ సంవత్సరాలలో నేను ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో పనిచేసేవాడిని. కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరి వచ్చిన కూలీల ప్రక్కన వారి భార్యలు నేలమీద కూర్చుని ఉండేవారు. చౌక మద్యానికి ఆ కుటుంబాలు చెల్లించిన ధర ఏ సీసా మీదా ముద్రించి ఉండదు.

ఎర్ర వైను కథలోని లోపం తరువాత బయటపడింది. అనేక అధ్యయనాలలో 'తాగనివారి' జాబితాలో జబ్బు చేసి తాగుడు మానుకున్నవారు కూడా ఉన్నారు. వారితో పోల్చినప్పుడు మితంగా తాగేవారు సహజంగానే ఆరోగ్యవంతులుగా కనిపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 1988లోనే మద్యపానీయాలను మానవులలో క్యాన్సరు కారకాలుగా నిర్ధారించింది. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యపరిమాణం ఏదీ లేదని ఆ సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

ఇక లెక్క చూడండి. 12 శాతం మద్యసారమున్న వైను 150 మిల్లీలీటర్లు తాగితే సుమారు 14 గ్రాముల మద్యసారం శరీరంలోకి వెళ్తుంది. ఎర్రదైనా, తెల్లదైనా, చౌకదైనా, ఖరీదైనదైనా ఈ లెక్క మారదు. సుమారు 42 మిల్లీలీటర్ల విస్కీలోనూ అంతే ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయలకే 180 మిల్లీలీటర్ల మద్యం సీసా దొరుకుతున్నది. ధర తగ్గినా కాలేయం మోసే బరువు తగ్గదు. పైగా మద్యం మూత్రాన్ని పెంచి, ఉక్కపోతలో శరీరంలోని నీటిని మరింత హరిస్తుంది.

అందుచేత నా మిత్రునికి ఇలా చెప్పాను: "రుచి కోసమైతే అది మీ ఇష్టం, అదీ కొద్దిగానే. గుండె కోసమని మాత్రం మొదలుపెట్టకండి. మీరు రక్తపోటుకు, మధుమేహానికి మందులు వాడుతున్నారు కనుక ముందుగా మీ వైద్యుణ్ణి అడగండి. మీ గుండెకు మేలు చేసేది ఈ ఉదయపు నడకే."