మూడేళ్లు ఏ తేదీ నుంచి? చేవెళ్ల–మొయినాబాద్ నిర్మాణ బకాయిలు, కాలపరిమితి చట్టం

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇల్లో ఫామ్‌హౌసో కట్టిన మేస్త్రీకి డబ్బు అందకపోతే, ఆ కట్టడం మీద అతనికి చట్టపరంగా ఏ పట్టూ లేదు. గుత్తకు పట్టిన పని అయినా, చదరపు అడుగు లెక్కన ఒప్పుకున్నది అయినా పరిస్థితి ఒక్కటే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ పనివాడికి లియన్, అంటే సొత్తును ఆపుకునే హక్కు ఇస్తుంది గానీ, అది తన చేతికి అప్పగించిన చరాస్తి వరకే. యజమాని ఇచ్చిన పాత టేకు తలుపులకు పాలిష్ పట్టిన వడ్రంగి, కూలి ముట్టేదాకా వాటిని తన షెడ్డులో ఆపుకోవచ్చు. అవే తలుపులు గుమ్మాలకు ఎక్కాక ఆ హక్కు పోతుంది. అన్ని బకాయిలకూ కలిపి సొత్తును ఆపుకునే సాధారణ లియన్‌ను 171వ సెక్షన్ బ్యాంకర్లకు, హైకోర్టు అటార్నీలకు, మరికొందరికి ఇచ్చింది. ఆ జాబితాలో కాంట్రాక్టరు లేడు. స్థలం అమ్మి పూర్తి సొమ్ము అందని వ్యక్తికి మాత్రం ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ఆ స్థలం మీదే ఛార్జి ఇస్తుంది. నేల అమ్మినవాడికి దొరికిన రక్షణ, ఆ నేల మీద ఇల్లు నిలబెట్టినవాడికి దొరకలేదు.

అమెరికాలో కథ వేరు. 1791లో మేరీలాండ్ శాసనసభ కొత్త రాజధాని వాషింగ్టన్ నిర్మాణానికి ఊతంగా కట్టేవారికి కట్టడం మీదే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ భవనం మీద అలాంటి హక్కు కుదరదు కాబట్టి, 1935 నాటి మిల్లర్ చట్టం ఫెడరల్ పనులకు పేమెంట్ బాండును, అంటే పనిచేసినవారికి, సరుకు ఇచ్చినవారికి డబ్బు అందుతుందన్న పూచీని తప్పనిసరి చేసింది. ఆ బాండు మీద దావాకు గడువు, చివరిసారి పని చేసిన లేదా సరుకు ఇచ్చిన రోజు నుంచి ఒక్క ఏడాది. సబ్ కాంట్రాక్టరు కింద పనిచేసినవారైతే 90 రోజుల్లో ప్రధాన కాంట్రాక్టరుకు నోటీసు కూడా ఇవ్వాలి. హక్కు గట్టిది, గడువు పొట్టిది. ఇక్కడ గడువు మూడేళ్లు, హక్కు మాత్రం మామూలు అప్పు వసూలు దావాకు మించదు.

మన దగ్గర పూచీలు నడిచే దిశ కూడా తలకిందులే. బిడ్ పూచీ, పని పూర్తికి పూచీ, అడ్వాన్సుకు పూచీ, రిటెన్షన్ సొమ్ముకు పూచీ, ఏది చూసినా కింది నుంచి పైకి, కాంట్రాక్టరు నుంచి యజమానికి పోయేదే. 2022 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ అనుమతించిన ష్యూరిటీ బీమా బాండ్లు కూడా ఈ బాటలోనివే. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వెళ్లే జాతీయ రహదారి విస్తరణ మర్రిచెట్ల వివాదంతో ఏళ్లు సాగింది. అలాంటి పనిలో ఆలస్యం దెబ్బ ముందుగా తగిలేది కంకర తోలిన లారీ యజమానికి. అతని పేరున మాత్రం ఏ బాండూ ఉండదు. ఇక బ్యాంకు గ్యారంటీల క్లెయిము గడువు విషయంలో 2013 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ, కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్‌కు మూడో మినహాయింపు చేర్చింది. నిర్దేశించిన ఘటన జరిగిన నాటి నుంచి ఏడాదికి తగ్గకుండా గడువు పెడితే, ఆ తర్వాత బ్యాంకు బాధ్యత తీరిపోతుందన్న షరతు చెల్లుతుంది. ఈ వెసులుబాటు బ్యాంకులది, మేస్త్రీది కాదు.

కాబట్టి బరువంతా 1963 నాటి కాలపరిమితి చట్టం మీద పడుతుంది. వాడుకలో అందరూ మూడేళ్లనే అంటారు, నిజమే. ఆ మూడేళ్లు ఏ రోజు మొదలవుతాయన్న దగ్గరే దావాలు ఓడిపోతాయి. చెల్లింపు తేదీ ముందే అనుకోని పనికి ఆర్టికల్ 18 వర్తిస్తుంది, గడియారం పని పూర్తయిన రోజే మొదలవుతుంది. బిల్లు ఇచ్చిన రోజు నుంచి కాదు, గృహప్రవేశం నుంచి అసలే కాదు. అరువు గడువు లేకుండా సిమెంటు, స్టీలు ఇచ్చిన దుకాణదారుకు ఆర్టికల్ 14 ప్రకారం సరుకు దింపిన రోజే మొదలు. నెల అరువు అనుకుంటే ఆర్టికల్ 15 ప్రకారం ఆ నెల ముగిశాక. ఖాతా నడుస్తున్నంతకాలం గడువు కదలదని చాలామంది వ్యాపారుల నమ్మకం. ఆర్టికల్ 1 చెప్పే పరస్పర ఖాతాలో ఇరువైపులా ఒకరి మీద ఒకరికి స్వతంత్రమైన బాకీలు ఉండాలి. ఒకరు సరుకు ఇస్తూ, మరొకరు అప్పుడప్పుడు సొమ్ము కడుతూ పోతే అది పరస్పర ఖాతా కాదు. ఆ లెక్కన ప్రతి లోడుకూ ఒక గడియారం విడిగా నడుస్తుంది.

మొయినాబాద్ వైపు యజమాని వాయిదా మాట సాధారణంగా ప్లాటు అమ్ముడుపోయినంక ఇస్తానన్నదే. ఆ మాట నోటితో అన్నంతవరకు గడియారం ఆగదు. 18వ సెక్షన్ ప్రకారం బాకీ ఉందని ఒప్పుకుంటూ రాసి సంతకం పెట్టాలి, అదీ పాత గడువు దాటకముందే. అప్పుడు కొత్త మూడేళ్లు మొదలవుతాయి. 19వ సెక్షన్ కింద కొంత చెల్లించినా కొత్త గడువు వస్తుంది, ఆ చెల్లింపు కట్టినవాడి చేతిరాతలోనో సంతకంతోనో కనబడితే. చెక్కు అందుకు సరిపోతుంది. చేతిలో పెట్టిన నోట్ల కట్టకు సాక్ష్యం లేదు. గడువు దాటాక రాసిచ్చే కాగితానికి ఈ రెండు సెక్షన్లూ అక్కరకు రావు. అప్పుడు కాంట్రాక్టు చట్టం 25(3) కింద చెల్లిస్తానన్న కొత్త వాగ్దానమే లిఖితంగా, సంతకంతో ఉండాలి. దావా ఆలస్యమైతే మన్నించే అధికారం కోర్టుకు లేదు. ఐదో సెక్షన్ అప్పీళ్లకు, దరఖాస్తులకే గానీ దావాలకు పనికిరాదు. ప్రతివాది నోరెత్తకపోయినా మూడో సెక్షన్ కింద కోర్టే దావాను కొట్టేయాలి. వేసవి సెలవుల్లో చివరి రోజు పడితే మాత్రం కోర్టు తెరిచిన రోజు వేయవచ్చు. కోవిడ్ కాలానికి సంబంధించి సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు లెక్క నుంచి తీసేసింది. 2019లో పూర్తయిన పనుల లెక్క అందుకే కొంత ముందుకు జరిగింది.

ఫైనల్ బిల్లు తేలని పనుల్లో చిక్కు ఎక్కువ. ఇందర్ సింగ్ రేఖీ, ఢిల్లీ అభివృద్ధి సంస్థ మధ్య 1988లో తేలిన కేసులో పని 1980లో ముగిసింది, కాంట్రాక్టరు 1983 ఫిబ్రవరిలో గట్టిగా అడిగాడు, 1986 జనవరిలో కోర్టుకు వెళ్లాడు. గడువు దాటిందన్న హైకోర్టు మాటను సుప్రీంకోర్టు తిరగేసింది. అదే తీర్పు, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి గడువును ముందుకు నెట్టుకోలేరనీ చెప్పింది. 2019లో జియో మిల్లర్ కంపెనీ సరిగ్గా ఆ గోతిలో పడింది. 1980ల నాటి బిల్లుల కోసం ఎన్నో ఏళ్ల తర్వాత మధ్యవర్తిత్వం కోరి ఓడిపోయింది. 2024 జనవరి ఆఖరుతో పదవీకాలం ముగిసి, సొంత సొమ్ముతో చేయించిన పనుల బిల్లులకు ఎదురుచూస్తున్న తెలంగాణ మాజీ సర్పంచులకు ఈ రెండు తీర్పుల మధ్య దూరం పుస్తకాల చర్చ కాదు. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు, రెండు నెలల నిరీక్షణ తప్పవు. ఆ నోటీసు కాలాన్ని కాలపరిమితి చట్టం 15వ సెక్షన్ గడువు లెక్క నుంచి మినహాయిస్తుంది.

మూడు లక్షల రూపాయలకు తగ్గని నిర్మాణ ఒప్పంద వివాదం వాణిజ్య వివాదం. అత్యవసర ఊరట కోరకపోతే ముందు మీడియేషన్‌కు వెళ్లాల్సిందేనని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ నెలలు కూడా గడువులో కలవవు. చేతిలో చెక్కు ఉన్నవాడికి తోవ దగ్గర, గడియారం మాత్రం వేగం. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజుల వ్యవధి, ఆపై నెలలోపు ఫిర్యాదు.

మేస్త్రీ కింద పనిచేసిన కూలీకి ఒక్క విషయంలో మెరుగు. కాంట్రాక్టరు ఎగ్గొడితే అసలు యజమాన్యమే వేతనం చెల్లించాలని, 2025 నవంబర్ 21 దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం అంది. మన దగ్గర పేమెంట్ బాండుకు దగ్గరగా వచ్చింది ఇదొక్కటే, అదీ ఆ చట్టం పరిధిలోకి వచ్చిన పెద్ద పనులకే. వేతన చెల్లింపు చట్టం కింద క్లెయిముకు 12 నెలల గడువు ఉండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ దాన్ని మూడేళ్లు చేసింది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన మెలిక జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. అనుమతి లేని కట్టడానికి బకాయి అడిగితే, ఒప్పందమే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదని యజమాని వాదించే వీలుంది. తాను పొందిన ఇంట్లో కాపురముంటూ ఎత్తే ఈ వాదనలో న్యాయం తక్కువే. అయినా మేస్త్రీ అప్పుడు అదే చట్టం 65, 70 సెక్షన్ల కింద పొందిన లాభానికి పరిహారం అడగాల్సి వస్తుంది. 70వ సెక్షన్‌లో చట్టబద్ధంగా చేసిన పని అన్న మాట ఉన్నందున, పని ఏ తేదీన, ఏ అనుమతి కింద జరిగిందో చూపే కాగితమే ఇక్కడా కావాలి.