పోర్చుగీసువారు – మన తెలుగు ఇండ్లు

సబ్బవరము పరిసరములందలి ఎర్రనేలలలో జీడిమామిడి తోటలు కలవు. అనాదిగా మన తీరమున పెరిగినట్లు తోచు ఈ చెట్టు నిజమునకు పరదేశి. దీని పుట్టినిల్లు బ్రెజిలు. పదునారవ శతాబ్దమున దీనిని మన దేశమునకు తెచ్చినవారు పోర్చుగీసులు. వీరెవరో, మనకేమి యిచ్చిరో, ఏమి చేసిరో కొంత విచారింతము.

ఐరోపా ఖండమునకు నైరృతి మూలనున్న చిన్న దేశము పోర్చుగలు. పూర్వమక్కడ లూసిటానులు మున్నగు జాతులు వసించెడివి. రోమనులు వారిని జయించి తమ లాటిను భాషను నెలకొల్పిరి. నేటి పోర్చుగీసు భాష దాని బిడ్డయే. పిమ్మట జర్మను తెగలవారును, 711 మొదలు మూరులను ముస్లిములును వచ్చి యేలిరి. డౌరో నదీముఖమునగల పోర్టుస్ కాలె అను రేవు పేరే దేశమునకు పేరయ్యెను. 1143 నాటికి స్వతంత్ర రాజ్యమేర్పడెను. ఒక వంక బలవంతులైన పొరుగు రాజులు, వేరొక వంక అట్లాంటిక్ సముద్రము. వారు సముద్రమునే దారిగా చేసికొనిరి. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు చేరెను. 1510లో అల్బుకర్కు గోవాను ఆక్రమించెను. ఆ నౌకాయాత్రను కామోయెన్షు మహాకవి 1572లో వెలువడిన తన కావ్యమున కీర్తించెను.

ఆ కాలమున విజయనగరమును శ్రీకృష్ణదేవరాయలు ఏలుచుండెను. ఆయనకు యుద్ధాశ్వములు కావలసియుండెను. అరేబియా, పారసీక దేశముల గుఱ్ఱములు గోవా మీదుగా వచ్చుచుండుటచే పోర్చుగీసులతో మైత్రి అవసరమయ్యెను. 1520లో జరిగిన రాయచూరు ముట్టడిలో వారి తుపాకివీరులు రాయలకు తోడ్పడిరి. ఆ దినములలోనే దోమింగో పేస్ విజయనగరమును దర్శించి, అది రోమునంత విశాలముగా కనబడెనని వ్రాసెను. రాయలు వేకువకు ముందే నువ్వులనూనె త్రాగి, కత్తి త్రిప్పి, మల్లయుద్ధము సలిపి, గుఱ్ఱమెక్కి విహరించునని తెలిపినవాడు ఆయనయే. తరువాత వచ్చిన అశ్వవర్తకుడు ఫెర్నావో నూనిజు రాజవంశ చరిత్రను వ్రాసెను. రాయలు చెరువు కట్టింపగా గోవానుండి ఒక రాతిపని నిపుణుడు వచ్చి సాయపడెననియు ఆయనయే చెప్పెను. ఈ రచనలు 1897లో లిస్బనులో అచ్చయ్యెను. 1900లో రాబర్టు స్యూయలు ఆంగ్లానువాదము ప్రకటించెను. మన చక్రవర్తి దినచర్యను మనము పరదేశి కలమునుండి గ్రహింపవలసి వచ్చెను!

వారి రాకలో మేలే కలదనుట చరిత్ర కాదు. తమ అనుమతిపత్రము లేక సముద్రముపై నడచు నౌకలను వారు పట్టుకొని దోచెడివారు. గోవాలో 1560లో నెలకొల్పిన మతవిచారణ సభ ఎందరినో హింసించెను. పరంగులను పేరుతో మనకు తెలిసిన ఆ ఐరోపావారి ఆయుధమే ఫిరంగి యయ్యెను. 1961 డిసెంబరు 19న గోవా విముక్తితో భారతదేశమున వారి పాలన ముగిసెను.

పాలన పోయినను మాటలు పోలేదు. చొక్కాకు బొత్తాము, దానికి కాజా, ఒడలు తుడుచుకొను తువాలు, నీరు తోడు బాల్చీ, బట్టలుంచు అలమార, నూనె నింపు పీపా, ఇల్లు కట్టు మేస్త్రీ, సరకు అమ్ము వేలము, ఇవన్నియు పోర్చుగీసు మూలము గలవే. అనాస, బొప్పాయి తమ పేర్లతోనే వచ్చెను. కాని జీడిమామిడికి తెలుగువారు తమ రెండు చెట్ల పేర్లు కూర్చి కొత్త పేరు పెట్టిరి. అమెరికానుండి అదే దారిన వచ్చిన మరియొక కాయకు మిరియమును తలపించు మిరప అను పేరు కుదిరెను. అంతకుముందు మన వంటకు కారము మిరియములదే. ఎఱ్ఱని ఆవకాయ రాయల తాతలకు తెలియదు.

పరుల వస్తువును స్వీకరించుటలో మన భాష చిన్నబోలేదు. దానిని నోటికి తగినట్లు మలచుకొని, ఇంటిదిగా చేసికొన్నది. బలముతో నిలిపిన అధికారము నాలుగున్నర శతాబ్దములకు అంతరించెను. వంటయింట చేరిన మిరపకాయయు, దర్జీ చేతి బొత్తామును నేటికిని నిత్యావసరములుగా నిలిచియున్నవి.