స్మాంగ్ అంటే కొండెక్కమని

సుమత్రా పడమటి తీరానికి ఎదురుగా, ఇండోనేషియాకు చెందిన సిమెలూ దీవి ఉంది. అక్కడి దేవాయన్ భాషలో ‘స్మాంగ్’ అంటే సునామీ. 1907లో అలాంటి అల ఊళ్లను ఊడ్చేసింది. బతికినవాళ్లు ఆ మాటను జోలపాటల్లోకి, తాతలు చెప్పే కథల్లోకి ఎక్కించారు. వాటి సారం ఒక్కటే: నేల గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి తగ్గితే ఆలోచించకు, కొండెక్కు. ఏ నిఘంటువూ ఒక్క మాటతో ఇంత పని చేయించదు!

2004 డిసెంబర్ 26న భూకంపం వచ్చి సునామీ లేచినప్పుడు ‘స్మాంగ్’ అన్న కేక దీవంతా పాకింది. భూకంప కేంద్రం దగ్గర్లోనే ఉన్నా, సుమారు 78,000 మందిలో చనిపోయింది ఏడుగురే. ఆ మాట తెలియని, సుమత్రాలోని ఆచే ప్రధాన తీరంలో లక్షకు పైగా పోయారు.

ఊరివాళ్లనే ముందుగా సిద్ధం చేసే ఈ దారికి ఇండోనేషియా జాతీయ ప్రణాళిక ఆలస్యంగా వచ్చింది: 2007లో విపత్తు నిర్వహణ చట్టం, 2012లో విపత్తును తట్టుకునే గ్రామాలకు మార్గదర్శకాలు.