పండగ ముందు సంత: నిజ్వా నుంచి డ్రెస్డెన్ దాకా

నిజ్వా కోట పేరు వినని మనవాళ్ళు మస్కట్‌లో తక్కువే. సెలవు రోజున వెళ్ళి చూసి వచ్చినవారూ ఉన్నారు. కానీ ఆ ఊరిని తప్పక చూడాల్సిన రోజులు ఏడాదికి రెండుసార్లు వస్తాయి. రంజాన్ నెల చివర ఒకసారి, బక్రీద్ ముందు మరోసారి. అప్పుడు జరిగే సంతను ఒమానీలు ‘హబ్తా’ అంటారు. అరబ్బీలో ఆ మాటకు దిగిరావడమని అర్థం. కొండ ఊళ్ళవాళ్ళు మేకలను తోలుకుని సంతకు దిగివచ్చేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. సమాయిల్, రుస్తాఖ్, సినావ్ లాంటి ఊళ్ళలోనూ ఈ సంత ఉంది. ఒక్కో ఊరికి ఒక్కో రోజు.

నిజ్వా చిన్న ఊరేమీ కాదు. ఎనిమిదో శతాబ్దంలోనే ఇబాదీ ఇమాములకు రాజధాని. ఇప్పుడు మనం చూసే గుండ్రని పెద్ద బురుజును కట్టించింది ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్. 1650లో పోర్చుగీసువాళ్ళను మస్కట్ నుంచి వెళ్ళగొట్టింది ఆయనే. బురుజు కట్టడానికి పన్నెండేళ్ళు పట్టింది. మెట్ల దారిలో శత్రువు మీద మరిగే ఖర్జూరపు పాకం పోయడానికి వదిలిన కంతలు నేటికీ కనిపిస్తాయి. ఊరికి నీళ్ళిచ్చే ఫలజ్ దారిస్ కాలువ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇంత చరిత్ర ఉన్న కోట పక్కనే మేకల వేలం. కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు. అమ్మేవాళ్ళు మేకను పట్టుకుని వాళ్ళ ముందు తిప్పుతూ ధర కేకేస్తారు. వేలం పాడేవాణ్ణి ఇక్కడ ‘దలాల్’ అంటారు. మన ‘దళారి’ ఆ మాట నుంచి వచ్చిందే. మేకలతో పాటు కత్తులు, మసాలాలు, హల్వా, సాంబ్రాణి, పిల్లల బొమ్మలు కూడా అమ్ముతారు. ఇక్కడ కొన్న మాంసమే పండక్కి ‘షువా’ అవుతుంది. మసాలా పట్టించి, ఆకుల్లో చుట్టి, నేలలో తవ్విన పొయ్యిలో పూడ్చిపెట్టి వండుతారు.

ఇలాంటి పండగ సంతలకు యూరప్‌లో పేరు మోసింది జర్మనీ. అక్కడి డ్రెస్డెన్ నగరంలో క్రిస్మస్ సంత 1434లో మొదలైంది. ఇప్పుడు రంగు దీపాలు, బొమ్మలు చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. మొదట్లో మాత్రం అది ఒక్క రోజు మాంసం సంత. క్రిస్మస్ ముందు క్రైస్తవులు ఉపవాసం పాటించేవారు. అది ముగిశాక పండగ భోజనానికి మాంసం కావాలి కదా! అందుకని సాక్సనీ పాలకుడు రెండవ ఫ్రెడరిక్ సంతకు అనుమతి ఇచ్చాడు. ఆ ఉపవాసాల్లో వెన్న కూడా నిషేధమే. పండగ రొట్టెను నూనెతో చేసుకునేవారు. 1491లో పోపు అనుమతించాకే అందులో వెన్న పడింది. 1945 ఫిబ్రవరిలో బాంబు దాడులకు ఆ నగరం నడిబొడ్డు బూడిదైంది. అయినా సంత మళ్ళీ నిలబడింది.

మతం వేరు, దేశం వేరు, వాతావరణం వేరు. కానీ సంత పుట్టిన కారణం ఒక్కటే. ఉపవాసం చివర ఇంటిల్లిపాదికీ మంచి భోజనం కావాలి. మేక పెంచిన పేదవాడి చేతిలో పండగ ఖర్చుకు నాలుగు డబ్బులు పడాలి. దసరా ముందు మన తెలంగాణ గొర్రెల సంతలోనూ, సంక్రాంతి ముందు కోస్తా సంతల్లోనూ జరిగేది ఇదే.

పండగలొస్తే రూవిలో ఎక్స్ఛేంజ్‌ల ముందు మనవాళ్ళు బారులు తీరతారు. అలా పంపిన రియాళ్ళు రూపాయలై చివరికి చేరేది ఆ సంతలకే. ఇంట్లోవాళ్ళు ఏం కొన్నారో ఫోన్‌లో వినడమే తప్ప, సంతలో తిరిగే భాగ్యం మనలో చాలామందికి ఏళ్ళ తరబడి ఉండదు.

అందుకే వీలున్నవారు ఒకసారి హబ్తాకు వెళ్ళి రండి. రూవి నుంచి సమాయిల్ మీదుగా సుమారు 160 కిలోమీటర్లు. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. ఎండ ముదిరితే వేలం అయిపోతుంది. రెసిడెంట్ కార్డు దగ్గర పెట్టుకోండి. రంజాన్‌లో పగలు బయట తినకండి, నీళ్ళు కూడా తాగకండి. అడగకుండా ఎవరి ఫొటో తీయకండి. హబ్తా రోజు కుదరకపోయినా నిరాశ పడకండి. నిజ్వాలో ప్రతి శుక్రవారం పొద్దున మేకల వేలం ఉంటుంది. బేరం భాష రాకపోయినా, సంత మనకు కొత్త కాదు.