మా ఇళ్ళ క్యాండిలు ఫిల్టరు: అది పుట్టింది దేనికి, మనం వాడేది దేనికి

కోలారు జిల్లాలో మా చుట్టాల ఇళ్ళలో ఏ వంటింట్లోకి పోయినా ఒక మూల స్టీలు ఫిల్టరు కనిపిస్తుంది. పైన ఒక గిన్నె, కింద ఒక గిన్నె, పై గిన్నెలో రెండు తెల్ల క్యాండిళ్ళు, కింది గిన్నెకు చిన్న నల్లి. (కొళాయిని మేము నల్లి అనే అంటాం, కన్నడం మా నోట్లో అట్లా కుదురుకుపోయింది.) కరెంటు అక్కరలేదు, మోటారు అక్కరలేదు. పైన పోస్తే తన బరువుకు తానే కిందికి దిగుతుంది. మా అమ్మల కాలంలో పెళ్ళి సామాన్లలో దీన్ని పెట్టేవాళ్ళు, గృహప్రవేశాలకు చదివించేవాళ్ళు.

దీని గురించి ఇప్పుడు రాయాల్సి రావడానికి కారణం ఉంది. ముళబాగిలు వైపు మా దాయాదుల ఇంట్లో వెయ్యి అడుగులు దాటిన బోరు నీళ్ళను ఈ ఫిల్టరులో పోసి, "వడగట్టిన నీళ్ళే కదా" అని పిల్లలకు తాపిస్తున్నారు. ఏడేళ్ళ పాపకు పాలపళ్ళు ఊడి కొత్తగా వచ్చిన పళ్ళ మీద సుద్ద గీసినట్టు తెల్ల మచ్చలు. ఫిల్టరు చెడిపోయిందా అంటే లేదు, బాగానే పనిచేస్తా ఉంది. సంగతి వేరే. అది తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మా జేజి వాళ్ళ కాలంలో తాగే నీళ్ళు ఊరి బావివి, ఎండాకాలం బావి అడుగంటితే చెరువులో చెలమలు తోడి తెచ్చుకున్నవి. కోలారులో ఏడాది పొడుగునా పారే నది లేదు. పాలారు, రెండు పినాకినులు ఈ పక్కనే పుట్టి వేరే వాళ్ళకు నీళ్ళిస్తాయి, మనకు మిగిలినవి చెరువులే. చెరువు నీళ్ళు బురదగా ఉంటే చిల్లగింజను కడవ లోపలి అంచు మీద గంధం తీసినట్టు అరగదీసి నీళ్ళు పోసేవాళ్ళు. తెల్లారేటప్పటికి మన్ను అడుగుకు దిగి పైన తేట నిలిచేది. తర్వాత పాత పంచెనో చీరనో మడతలు పెట్టి కడవ మూతికి కట్టి వడగట్టేవాళ్ళు.

ఈ గుడ్డ వడపోతను ఇప్పటివాళ్ళు తేలిగ్గా చూస్తారు గానీ, అది నిజంగా ఒక జబ్బును ఆపింది. నారిపురుగు. బావి నీళ్ళలో కంటికి కనీ కనబడని సైక్లాప్స్ అనే చిన్న పురుగు ఉంటుంది, దాని కడుపులో నారిపురుగు పిల్ల ఉంటుంది. ఆ నీళ్ళు తాగిన ఏడాదికి కాలి మీద బొబ్బ లేచి, దాంట్లోంచి మూరెడు దారంలా పురుగు బయటికొచ్చేది. సైక్లాప్స్ గుడ్డ దారాల సందులో దూరలేనంత పెద్దది. అందుకే గుడ్డతో వడగడితే చాలు, జబ్బు ఆగిపోతుంది. మెట్ల బావులు మాన్పించి, గుడ్డ వడపోత ఇంటింటికీ నేర్పించాక, 2000లో మన దేశంలో నారిపురుగు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. బంగ్లాదేశ్‌లో రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం పాత చీరను మడతలు వేసి వడగట్టే పద్ధతిని పల్లెల్లో పరీక్షించి, కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రచురించింది. కలరా క్రిమి నీటిలోని చిన్న చిన్న పురుగుల ఒంటికి అంటుకుని ఉండటమే దానికి కారణం.

సగానికి తగ్గింది అంటే మిగతా సగం తగ్గలేదని కూడా కదా. గుడ్డకు అందని సన్న క్రిమి దగ్గరే మన క్యాండిలు కథ మొదలవుతుంది.

19వ శతాబ్దంలో లండన్ మురుగంతా థేమ్స్ నదిలోకే పోయేది, తాగే నీళ్ళూ అందులోంచే తీసేవాళ్ళు. లాంబెత్‌లో కుండల పని చేసే డౌల్టన్ కుటుంబం ఆ శతాబ్ది మొదటి సగంలోనే ఇళ్ళకు మట్టి ఫిల్టర్లు చేసి అమ్మింది. జబ్బుకు క్రిమి కారణమని అప్పటికి తేలలేదు, నీళ్ళు తేటగా ఉంటే చాలనుకునేవాళ్ళు. 1854లో జాన్ స్నో అనే డాక్టరు సోహోలోని ఒక చేతిపంపు చుట్టూ కలరా చావులను లెక్కగట్టి, జబ్బు నీళ్ళలోనే ఉందని చూపించాడు. 1884లో రాబర్ట్ కోఖ్ కలకత్తాలో ఉండి ఆ కలరా క్రిమిని విడదీసి చూపించాడు. అదే ఏడాది పారిస్‌లో పాశ్చర్ ప్రయోగశాలలో పనిచేసే షార్ల్ చాంబర్‌లాండ్ మెరుపు పూత లేని పింగాణీతో గొట్టం చేసి, దాంట్లో నీళ్ళు దిగితే క్రిములు బయటే ఆగిపోతాయని నిరూపించాడు. ఆ గొట్టం రూపాన్ని చూసి ఫ్రెంచివాళ్ళు దాన్ని 'బూజీ' అన్నారు, అంటే కొవ్వొత్తి. మనం ఈనాటికీ క్యాండిలు అనేది అందుకే. మా చిన్నప్పుడు అందులో వత్తి ఎక్కడుందని వెతికేవాళ్ళం.

చాంబర్‌లాండ్ పింగాణీలో నీళ్ళు చాలా నిదానంగా దిగేవి. జర్మనీలో విల్‌హెల్మ్ బెర్కెఫెల్డ్ అనే ఆయనకు డయాటమ్ మట్టి గనులుండేవి. ఎంతో పూర్వం నీళ్ళలో బతికిన కంటికానని నాచు గుల్లలు పేరుకుని అయిన మట్టి అది, గుల్ల గుల్లగా ఉంటుంది. నోబెల్ 1867లో డైనమైట్ చేసింది ఆ మట్టికే నైట్రోగ్లిసరిన్ పట్టించి. కేజీఎఫ్ గనుల పక్కన పెరిగిన మాకు డైనమైటుకూ తాగే నీళ్ళకూ ఒకే మట్టి అంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. బెర్కెఫెల్డ్ ఆ మట్టిని కాల్చి క్యాండిళ్ళు చేశాడు. 1892లో హాంబర్గ్‌లో కలరా వచ్చి 8 వేలకు పైగా జనం చనిపోయారు. పక్కనే ఉన్న ఆల్టోనా ఊరు అదే ఎల్బే నది నీళ్ళను ఇసుకలో వడపోసి ఇచ్చేది, అక్కడ నష్టం చాలా తక్కువ. వడపోతకు అంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కరలేకపోయింది.

మన పక్క అదే కాలంలో ఆగ్రాలో ఉన్న హాంకిన్ అనే శాస్త్రవేత్త కలరా ఊళ్ళ బావుల్లో పొటాషియం పర్మాంగనేట్ కలిపించాడు. మా జేజి 'ఎర్రమందు' అని చెప్పిన బావి మందు అదే అయ్యుండాలి.

అదే 1892లో ఇంకో సంగతి జరిగింది, దాన్ని ఫిల్టరు అమ్మేవాళ్ళు చెప్పరు. రష్యాలో ఇవనోవ్‌స్కీ జబ్బు పట్టిన పొగాకు ఆకుల రసాన్ని చాంబర్‌లాండ్ క్యాండిలులో వడపోశాడు. దిగిన రసం కూడా మంచి మొక్కలకు జబ్బు తెప్పించింది. క్యాండిలుకు కూడా అందనంత సన్నది ఏదో ఉందన్నమాట. తర్వాత దానికే వైరస్ అని పేరొచ్చింది. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నవాళ్ళం, మాకు ఇవనోవ్‌స్కీ నచ్చడం అందుకే. టెస్టు పాసయ్యిందంటే మనం దేన్ని పరీక్షించామో అది మాత్రమే పాసయ్యింది. పరీక్షించనిదాని గురించి ఆ టెస్టు ఏమీ చెప్పదు.

మన స్టీలు ఫిల్టరు క్యాండిలు కూడా అంతే. మంచి క్యాండిలు రంధ్రాలు మైక్రానుకు లోపు ఉంటాయి. కలరా, టైఫాయిడ్, విరేచనాల క్రిములు చాలావరకు బయటే ఆగుతాయి. కొన్నింటికి వెండి పట్టిస్తారు, ఆగిన క్రిమి అక్కడే పెరగకుండా. కామెర్లు తెచ్చే వైరసులను మాత్రం నమ్మకంగా ఆపలేదు. ఊళ్ళో కామెర్లు ఉన్నప్పుడు వడగట్టిన నీళ్ళను మరగబెట్టాల్సిందే.

అమర్చే పద్ధతి కష్టమేమీ కాదు గానీ, ఒక చోట జాగ్రత్త కావాలి. క్యాండిలు అడుగున రబ్బరు వాషరు, కింద చేత్తో బిగించే నట్టు ఉంటాయి. వాషరు సరిగ్గా కూర్చోకపోతే నీళ్ళు క్యాండిలులోంచి కాకుండా పక్క సందులోంచి దిగిపోతాయి. అట్లాంటి ఫిల్టరు చూడ్డానికి 'స్పీడుగా' పనిచేస్తా ఉంటుంది, ఇంట్లోవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. కనుక్కోవడం సులువు. క్యాండిలు కింది ప్లాస్టిక్ దిమ్మె మాత్రమే మునిగేటట్టు, తెల్ల భాగం తడవకుండా పై గిన్నెలో కొంచెం నీళ్ళు పోసి అరగంట చూడండి. కింద ఒక్క చుక్క పడినా వాషరు కారుతున్నట్టే. కొత్త క్యాండిలును ముందు కొన్ని గంటలు నానబెట్టి, మొదటి రెండు గిన్నెల నీళ్ళు చెట్లకు పోసేయండి.

క్యాండిలుకు గంటకు లీటరో రెండో దిగుతాయి. పై గిన్నె నిండుగా ఉన్నప్పుడు తొందరగా, తగ్గేకొద్దీ నిదానంగా. నీళ్ళ ఎత్తే దాని బలం. గిన్నె నిండుగా ఉన్నా దిగడం మందగించిందంటే పైన జిగట పట్టిందని అర్థం. దాన్ని పారే నీళ్ళ కింద మెత్తటి బ్రష్షుతోనో పీచుతోనో రుద్దాలి. సబ్బు వద్దు, అది గుల్లలోకి ఇంకి తర్వాత నీళ్ళలోకి వస్తుంది. రుద్దే కొద్దీ క్యాండిలు సన్నబడుతుంది. సన్నబడినా, వెంట్రుకంత పగులు కనిపించినా మార్చేయాలి. పగిలిన క్యాండిలు కన్నా మా జేజి గుడ్డే నయం. కింది గిన్నెను కూడా వారానికొకసారి మరిగిన నీళ్ళతో కడగండి, లోటా ముంచకుండా నల్లితోనే పట్టుకోండి. చాలా ఇళ్ళల్లో క్యాండిలు శుభ్రంగా ఉండి కింది గిన్నెలో పాచి పట్టి ఉండటం చూశాం.

ఇంతవరకు బావి నీళ్ళ సంగతి. 1970ల నుంచి మా పక్క బోర్లు వచ్చాయి. ఊరికొక చేతిపంపు వచ్చినాక వాంతిభేదులు తగ్గాయి, అందులో అబద్ధం లేదు. తర్వాత టమాటా తోటలకు, నీలగిరి చెట్లకు, ఇళ్ళకు బోరు మీద బోరు వేసి వందల అడుగులు దాటి వెయ్యి దాకా పోయారు. అంత లోతున రాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో క్రిములు తక్కువే, కానీ రాతిలోని ఫ్లోరైడ్ కరిగి ఉంటుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి, వాసన లేదు. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా. అంతకు మించితే పళ్ళ మీద మచ్చలు, ఏళ్ళ తరబడి బాగా ఎక్కువగా తాగితే నడుము, మోకాళ్ళు బిగుసుకుపోవడం. చిగురులోపల పళ్ళు తయారయ్యే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకే మచ్చల ప్రమాదం.

తెలుగువాళ్ళకు ఈ జబ్బు కొత్తది కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకున్నవాళ్ళను పరిశీలించి, కారణం నీళ్ళలోని ఫ్లోరైడేనని 1937లో షార్ట్, ఆయన తోటి డాక్టర్లు ప్రకటించారు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అనే పేరు. మన జిల్లా పేరు ప్రపంచమంతా తెలిసింది ఇట్లాంటిదానితో కావడం మాకు బాధగానే ఉంటుంది.

ఫ్లోరైడ్ ఉప్పులాగ నీటిలో కరిగిపోయి ఉంటుంది. ఉప్పునీళ్ళు క్యాండిలులో పోస్తే ఉప్పునీళ్ళే కదా దిగుతాయి, ఇదీ అంతే. మరగబెడితే నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆ పాప ఇంట్లో ఫిల్టరు తన పని తాను చేస్తానే ఉంది. అది పుట్టింది కలరాకు, వీళ్ళు పోస్తున్నది రాతి నీళ్ళు.

ఊళ్ళో 'శుద్ధ కుడియువ నీరిన ఘటక' అని బోర్డు పెట్టిన కేంద్రంలో అయిదు రూపాయలకు ఇరవై లీటర్ల ఆర్వో నీళ్ళు ఇస్తారు. అది బాగున్నన్నాళ్ళు దాయాదుల ఇంటికి అదే మందు. చెడిపోయిన వారం మళ్ళీ బోరే. అందుకని మేమంతా కలిసి ఇంకో ఏర్పాటు చేశాం. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండదు, ఉండేది మిద్దె మీది దుమ్ము, పిట్టల రెట్టలు, క్రిములు. అంటే సరిగ్గా క్యాండిలు ఆపగలిగినవి. కోలారులో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. వంద చదరపు మీటర్ల మిద్దెకు లెక్కగడితే 70 వేల లీటర్లు. మాకు అందులో సుమారు పదో వంతు చాలు. తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు అనుకుంటే, 5 వేల లీటర్ల సంపు నిండితే 250 రోజులు వస్తాయి.

మొదటి రెండు వానలు బయటికి వదిలేసి తర్వాతివి సంపులోకి పట్టాం. సంపు నీళ్ళు గుడ్డలో వడగట్టి, కొత్త క్యాండిళ్ళు వేసిన అదే స్టీలు ఫిల్టరులో పోస్తున్నారు. బోరు నీళ్ళు, సంపు నీళ్ళు రెండూ జిల్లా నీటి పరీక్షల ల్యాబుకు పంపాం. మీ ఇంట్లో ఫిల్టరు ఉంటే ముందు అందులో పోసే నీళ్ళు ఎక్కడివో చూడండి. బోరువైతే ఫ్లోరైడ్ ఎంతో ఒక్కసారి పరీక్ష చేయించండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ నెలలోనే.